గుప్పెడు గుగ్గిలం

ఎవరేమడిగినా ఖండోజీ వెంటనే జవాబు చెప్పడు. తోలుబొమ్మలాటలో జుట్టు నెరిసిన మనిషి, ఏం చెప్పినా తెర మీదే చెప్తాడు. ఆదివారాలు ఆయన దగ్గర ఆట నేర్చుకునే ఓబులేశు, మిగతా రోజుల్లో బెంగుళూరులో వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తాడు. ఆ ఆదివారం మాత్రం మండిపోతూ వచ్చాడు.

"సామీ, రెండేండ్లు కష్టపడి ఒక గేము చేసినా. దాని ప్రాణమంతా ఆఖరి యుద్ధంలోనే ఉంది. ఇప్పుడు ఆ యుద్ధానికి తాళమేసి, గేము కొన్నోళ్లకే మళ్లా విడిగా అమ్మల్లంట. తాళం నేనే ఎయ్యల్లంట! చిన్నప్పుడు ఇట్లాంటి తాళాలు చూసి ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. కాదంటే ఉద్యోగం పోతాది. రేపు ఏం చెప్పల్ల?"

"ఈ పొద్దు గుగ్గిలం నువ్వే చల్లు," అన్నాడు ఖండోజీ.

ఓబులేశు కోపం ఎగిరిపోయింది. గుగ్గిలం చల్లడమంటే మాటలా! ఎన్నాళ్లుగానో దానికోసం కాచుకుని ఉన్నాడు.

సాయంత్రం గొర్రెల కాపరుల ఊళ్లో ఆట. డబ్బు ముందే ఇచ్చేశారు. కథ వాళ్లదే. గొర్రెలు మేపే పిల్ల గంగులు మంద మీదికి చిరుత దూకుతుంది. అప్పుడు ఆ పిల్ల మంట ముట్టిస్తుంది. తెర వెనక దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గుమని తెరంతా ఎర్రబడాలి, చిరుత పారిపోవాలి. మద్దెల హోరెత్తింది. చిరుత దూకింది. ఓబులేశు పిడికిలి బిగించాడు.

ఖండోజీ బొమ్మను అక్కడే ఆపేశాడు. "బయటికి పోయి చెప్పు. మంట చూడల్లంటే మళ్లా దుడ్లు ఇయ్యల్లని."

గురువు మాట. ఓబులేశు తెర ముందుకు వెళ్లాడు. జనమంతా లేచి నిలబడి ఉన్నారు. ఒక ముసలాయన తన గొర్రెలే పోతున్నట్టు కర్ర ఎత్తాడు. "ముట్టించు తల్లీ, ముట్టించు!" అని ఒకావిడ బొమ్మను బతిమాలుతోంది. ఓబులేశు డబ్బు మాట ఎత్తకుండానే వెనక్కి ఒక్క ఉరుకు ఉరికి, గురువు మొహమైనా చూడకుండా, గుప్పెడు గుగ్గిలం దివిటీ మీద విసిరాడు.

భగ్గుమంది! తెరంతా ఎరుపు. చిరుత పరార్! ఈలలకు ఊరు అదిరింది. మద్దెల వాయించేవాడు మద్దెల వదిలేసి తనూ ఈల వేశాడు. ఓబులేశుకు ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. గుగ్గిలం పొగని చెప్పుకున్నాడుగానీ ఎవరూ నమ్మలేదు.

ఆట ముగిశాక కర్ర ముసలాయన తెర వెనక్కి వచ్చాడు. "గంగులు పెండ్లి కథ కూడా ఆడండి సామీ. వచ్చే వారం మేమే పిలిపిస్తాం, దుడ్లు కూడా ఇస్తాం," అని చెప్పి వెళ్లాడు.

ఓబులేశు తల వంచుకున్నాడు. "మీ మాట దాటినా సామీ."

ఖండోజీ చిరుత బొమ్మను మడత పడకుండా పెట్టెలో పెట్టాడు.

"పెండ్లి కథకు దుడ్లు తీసుకుందాం లేరా, అది ఇంకా మన పెట్టెలోనే ఉంది. మంట మాత్రం, చిరుత దూకినప్పుడే వాళ్లదైపాయె."