పన్నెండు తాళ్ల జడ

సూరి మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చేసే పని ఒకటే. అడిగినవాళ్ల కాళ్లకి గజ్జెలు కట్టించడం. విజయనగరం అవతల ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో ఆయన కోలాటం నేర్పుతారు. చదివింది ఎనిమిదో తరగతి, ఆడించింది నలభై ఏళ్లు. పెద్ద పెద్ద డిగ్రీలున్న ప్రొఫెసర్లు కూడా ఇంట్లో ఏదైనా చిక్కొస్తే వాకింగ్‌కి వచ్చినట్టు వచ్చి ఆయన పక్కన గట్టు మీద కూర్చునేవారు. "ఒక చుట్టు ఆడి చూడండి బాబూ" అనేవారాయన. వాళ్లు సిగ్గుపడి లేచి వెళ్లిపోయేవారు.

సత్యవేణి సిగ్గుపడే స్థితి ఎప్పుడో దాటిపోయింది. ఎం.ఏ. రెండో ఏడు చదువుతున్న ఆ పిల్ల ఆ రోజు పొద్దున్న ఆరింటికే ఆరుబయట రంగస్థలం దగ్గరికొచ్చి, మాస్టారు కంచు తాళాలు తుడుచుకుంటుంటే ఎదురుగా నిలబడిపోయింది.

"మాస్టారూ, ఒక మాట. మనిషి ఎదగాలంటే పాత స్నేహాన్ని వదులుకోవాలా? స్నేహం నిలబడాలంటే ఎదగడం ఆపుకోవాలా? ఈ మధ్యాహ్నంలోపల నాకు తెలియాలి."

"మధ్యాహ్నంలోపలే ఎందుకు?"

ఆమె సంచిలోంచి ఒక కాయితం తీసి చూపించింది. ఈశాన్య రాష్ట్రాల్లో ఒక విశ్వవిద్యాలయంలో ఆరు నెలలు చదువుకోడానికి తనని ఎంపిక చేశారు. వెళ్తానని సంతకం పెట్టి పన్నెండింటికల్లా ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

మాస్టారు కాయితం చదవలేదు. "గజ్జెలు కట్టుకో" అన్నారు.

అసలు సంగతి నూకరత్నం. ఆరో తరగతి నుంచీ గురుకులంలో ఒకే బెంచీ, ఒకే ట్రంకు పెట్టె, ఇక్కడికొచ్చాక ఒకే గది. మొదటి ఏడాది సత్యవేణి నోరు తెరిచేది కాదు. క్యాంటీన్లో ఇడ్లీ కావాలన్నా రత్నమే అడిగేది. బస్సులో సీటు రత్నమే పట్టేది. లెక్చరరు ప్రశ్న అడిగితే సత్యవేణి బల్ల కింద నుంచి రత్నం చెయ్యి పట్టుకునేది. అలాంటి పిల్ల రెండో ఏడొచ్చేసరికి స్టేజీ ఎక్కి మాట్లాడుతోంది. స్కూటీ నడుపుతోంది. పుట్టగొడుగుల కూర తింటోంది. కొండలెక్కే జట్టులో చేరింది, అక్కడ కడప నుంచి వచ్చిన షాహీన్‌తో దోస్తీ కట్టింది. మారడం బాగానే ఉంది. అద్దంలో చూసుకుంటే తనకే ముచ్చటగా ఉండేది. కాకపోతే గదిలోకి అడుగు పెట్టగానే, అరువు తెచ్చుకున్న బట్టలేసుకుని పుట్టింటికొచ్చినట్టు ఏదో ఇబ్బంది.

ఎంపికైన సంగతి సత్యవేణి ముందు షాహీన్‌కి చెప్పింది. రత్నానికి చెప్పలేదు. రత్నం దాన్ని నోటీసు బోర్డు మీద చదువుకుంది.

"ఇప్పుడు నువ్వు నవ్వే నవ్వు కూడా ఎవరిదోలా ఉందే" అంది ఆ రోజు. ఆ తరవాత పదిహేను రోజులు ఒకే గదిలో ఉండి, ఒకే బక్కెట్టుతో నీళ్లు పట్టుకుని, ఒక్క మాట లేదు.

ఆరున్నరకి మిగతా పదకొండుమంది అమ్మాయిలూ వచ్చేశారు. రత్నం వచ్చింది, షాహీన్ వచ్చింది. ఆ పొద్దున్న జడ కోలాటం. రంగస్థలం పైన ఇనప దూలానికి ఒక కడియం వేలాడుతుంటుంది. పాత చీరలు చించి పేనిన పన్నెండు తాళ్లు దానికి కట్టి ఉంటాయి. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కర్ర. ఆరుగురు ఇటు తిరగాలి, ఆరుగురు అటు తిరగాలి. ఎదురొచ్చిన మనిషిని ఒకసారి లోపల నుంచి, తరవాతి మనిషిని బయట నుంచి, కర్రకి కర్ర తగిలించి దాటిపోతూ ఉండాలి. అలా దాటుతుంటే పైన తాళ్లు జడలా అల్లుకుంటూ కిందికి దిగుతాయి. తరవాత అంతా వెనక్కి ఆడితే విడిపోతాయి. ఎవరి దగ్గరా ఆగకూడదు, ఎవరి వెనకాలా తిరిగి నడవకూడదు. నియమం అదొక్కటే.

మాస్టారు రత్నాన్ని ఇటు, సత్యవేణిని అటు నిలబెట్టి తాళం అందుకున్నారు.

మొదటి చుట్టులో ఇద్దరూ ఎదురైనప్పుడు రత్నం కర్ర తగిలించింది గానీ మొహం చూడలేదు. సగం చుట్టు తిరిగాక మళ్లీ ఎదురయ్యారు. అప్పుడూ అంతే. మూడోసారి, కర్ర తగులుతుంటే, రత్నం నేల వైపు చూస్తూ అంది.

"సంతకం పెట్టేసేవేటి?"

పదిహేను రోజుల తరవాత మొదటి మాట. దాటిపోవాల్సిన సత్యవేణి గిర్రున వెనక్కి తిరిగి రత్నం వెనకాలే నడిచింది. "లేదే, ఇంకా పెట్టలేదే" అంటూ నాలుగడుగులు వేసింది. వెనక వస్తున్న అమ్మాయి ఆమెని గుద్దుకోబోయి పక్కకి తప్పుకుంది. సత్యవేణి నాలిక్కరుచుకుని తన దారిలోకి వచ్చేసింది. మాస్టారు తాళం ఆపలేదు.

అల్లేటప్పుడు ఏం తెలియలేదు. జడ దిగింది, నిగనిగలాడింది, చప్పట్లు కూడా కొట్టుకున్నారు. విప్పేటప్పుడు తెలిసింది. రెండు చుట్లు సాఫీగా విడిపోయాయి. ఆఖరిదైన మూడో చుట్టులో పసుపు తాడూ ఆకుపచ్చ తాడూ, అంటే సత్యవేణిదీ రత్నానిదీ, ఒకదాన్నొకటి పెనవేసుకుని మిగతా పదింటినీ పట్టేశాయి. ఇక ఆట అటూ సాగదు, ఇటూ సాగదు.

"అబ్బా, ఒక్కపారి గట్టిగా లాగితే వస్తాదిలే సార్" అంది షాహీన్.

"లాగు. రేపటికి కత్తెర పట్రా" అన్నారు మాస్టారు.

అందరూ నవ్వారు. సత్యవేణికి మాత్రం ఏడుపొచ్చింది. తప్పు తనదే. పరుగెత్తుకెళ్లి రత్నం పక్కన నిలబడి, మునివేళ్ల మీద లేచి, రెండు తాళ్లూ దగ్గరికి తీసుకుని చేత్తో విప్పబోయింది. దగ్గరికి వచ్చిన కొద్దీ తాళ్లు వదులై ముడి కిందికి జారి, ఇంకా చుట్టుకుంది. మాస్టారు చూస్తూనే ఉన్నారు. వద్దనలేదు.

ఇద్దరి మొహాలూ జానెడు దూరంలో ఉన్నాయి. తప్పించుకునే దారి లేదు.

"నాకెందుకు చెప్పలేదే?" అంది రత్నం మెల్లగా. "ఆ కడప గుంటకి చెప్పేవు. నేనేటి, అడ్డొస్తాననుకున్నావా?"

"అడ్డొస్తావనుకుంటే ఆ రోజే చెప్పేద్దును."

"మరి?"

సత్యవేణి చేతులు ముడి మీదే ఆగిపోయాయి. పదిహేను రోజులుగా తనకి తాను కూడా చెప్పుకోని మాట అది.

"నువ్వు ఎల్లమంటావేమోనని భయమేసిందే. వద్దన్నావంటే, రత్నం వద్దంది కాబట్టి ఆగిపోయేననుకుని హాయిగా ఉండిపోదును. ఎల్లమన్నావంటే నిజంగా ఎల్లాలి కదే. అక్కడ ఇడ్లీ కావాలని ఎవరడుగుతారు నాకు?"

"అక్కడ ఇడ్లీలుండవే, పిచ్చి మొకమా" అంది రత్నం.

"మాటలైపోతే ముడి సంగతి చూద్దాం" అన్నారు మాస్టారు, ఏమీ విననట్టు. "పదిమందీ తాళ్లు కొంచెం వదులు చెయ్యండి. రత్నం, నువ్వు అక్కడే నిలబడు. బిగబట్టకు, వదిలెయ్యకు. సత్యవేణీ, నువ్వు నడు."

"ఎటు మాస్టారూ?"

"అటు. రత్నానికి దూరంగా."

సత్యవేణి కదల్లేదు. రత్నం కర్రతో ఆమె మోచేతి మీద చిన్నగా పొడిచింది. "నడవే. అందరూ టిఫిన్‌కెళ్లాలి."

ఒక అడుగు వేసింది. పైన ముడి కిర్రుమంది. ఇంకో అడుగు. షాహీన్ తన తాడు ఎత్తి పట్టుకుంటే దాని కింద నుంచి వంగి దూరింది. తరవాతి అమ్మాయిని బయట నుంచి దాటింది. ఆ తరవాతి ఆమెని లోపల నుంచి. దూరం వెళ్లేకొద్దీ ఆకుపచ్చ తాడు మీద నుంచి పసుపు తాడు ఒక్కో మెలికా విడిపోతోంది. అవతలి కొసకి చేరేసరికి మధ్యలో తాళ్లు అడ్డమొచ్చి రత్నం మొహం కనపడలేదు. సత్యవేణి కంగారుగా ఆగిపోయింది. అప్పుడు చేతిలో ఉన్న తాడు సన్నగా అదిరింది. అవతల రత్నం తన తాడు సవరించుకుంటోంది.

సత్యవేణి మళ్లీ నడిచింది. చుట్టంతా తిరిగి, అందరినీ దాటుకుని, రెండో వైపు నుంచి రత్నం ముందుకొచ్చేసరికి పన్నెండు తాళ్లూ విడివిడిగా వేలాడుతున్నాయి. ఈసారి ఆగలేదు. కర్రకి కర్ర తగిలించి దాటేసింది. ఆ చప్పుడుకి రంగస్థలం కింద పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచింది.

తాళ్లు చుట్టి దూలానికి కట్టేస్తుంటే, రత్నం గజ్జెలు విప్పుకుంటూ అడిగింది. "ఒలే, స్వెట్టరుందేటే నీకు?"

"లేదు."

"ఆఫీసు పదిన్నరకి తీస్తారు. ముందు తిను. సంతకం పెట్టాక బజారుకెళ్దాం. ఆ కడప గుంటని కూడా రమ్మను, బేరమాడడం దానికి వచ్చినట్టుంది."

"వస్తాను మే, నీకేం తెలుసు నా బేరం" అంది షాహీన్ అవతల నుంచి.

అందరూ కదులుతున్నారు. సత్యవేణి మాత్రం నాలుగడుగులు వెనక్కొచ్చి, తాళాలు గుడ్డలో చుట్టుకుంటున్న మాస్టారి దగ్గర నిలబడింది. వెళ్లాలని తేలిపోయింది. అయినా లోపల ఇంకా ఏదో కొట్టుకుంటోంది. ఆరు నెలలు. అంత దూరం.

"మాస్టారూ, మీరు జవాబు చెప్పనే లేదు."

మాస్టారు తలెత్తారు. "నలభై ఏళ్లు ఆడించేనమ్మా. ఎవరి పక్కన ఎవరున్నారని ఎప్పుడూ చూళ్లేదు" అన్నారు. "పన్నెండు తాళ్లూ చేతుల్లో ఉన్నాయా లేదా, అదే చూస్తాను."