టికెట్లు మింగలేని కంప్యూటరు

అనగనగనగా, మొదటి బస్సు హారన్ కొడితే గానీ తెల్లవారని ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో అచ్చమ్మ అని ఒకావిడ. రోజూ ఆ బస్సులోనే పెరుగు కుండ పట్టుకెళ్ళి టౌన్లో అమ్మేది. ఆవిడ కూతురు ఇందుమతి. ఆ పిల్ల లెక్కలంటే చెవి కోసుకునేది. బస్సు డిపోలో కంప్యూటరు పనికి కొత్తగా చేరింది.

ఒకరోజు డిపో మేనేజరు పాపారావు గారు అన్నారు, "మీ ఊరి మొదటి బస్సు రేపట్నుంచి ఆపేస్తున్నామమ్మా. ఏడాది టికెట్లన్నీ చూశాను, ఎక్కేవాళ్ళే లేరు."

"మా అమ్మ ఎక్కుతుంది సార్."

"మీ అమ్మకి ఆటో మాట్లాడు. సాయంత్రం సంతకం పెట్టేస్తా."

ఇందుమతి తనే లెక్క చూద్దామనుకుంది. డిపో బస్సులన్నిటి ఏడాది టికెట్లూ లెక్కల సాఫ్ట్‌వేరు నోట్లో ఒక్కసారే కుమ్మరించింది. ఫ్యాను జుయ్యిమంది. తెర కొయ్యబారింది. "నాకు మెమరీ చాలదు" అని కక్కేసింది పాపం.

ఆ తర్వాత మేనేజరు గారు వాడే సాఫ్ట్‌వేరులో పోసింది. అది గుటుక్కున మింగి, చివర్లో ఏదో సణిగింది. తీరా వెతికితే వాళ్ళ బస్సుకి ఒక్క టికెట్టూ లేదు. మరి అమ్మ దేనిమీద వెళ్తున్నట్టు? ఇందుమతి అట్టడుగుదాకా వెళ్ళి చూసింది. లెక్క ఏప్రిల్‌తో సరి. పట్టినంత మింగి, మిగతా నెలలు వదిలేసింది. ఆ నాలుగు నెలలూ వాగు మీద వంతెన బాగుచేశారు, ఊళ్ళోకి బస్సే రాలేదు. మొన్న మొన్న బదిలీ మీద వచ్చిన పాపారావు గారికి ఆ సంగతేం తెలుసు?

ఏం చెయ్యాలో తోచక క్యారేజీ విప్పుకుంది. పక్క బల్ల మీద కండక్టరు మంగతాయారు తన పాపకి అన్నం పెడుతోంది. పళ్ళెం నిండా అన్నం చూసి పాప మూతి బిగించేసింది, అచ్చం నీలాగే. అప్పుడు మంగతాయారు, "ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద, ఇది తాత ముద్ద" అంది. పళ్ళెం ఖాళీ.

ఇందుమతి చెయ్యైనా కడుక్కోకుండా పరిగెత్తింది. డ్రైవర్ల పేర్లూ, టికెట్ల నంబర్లూ కరివేపాకులా ఏరి పక్కన పెట్టింది. ఆ తర్వాత మొదటి సాఫ్ట్‌వేరుకే, ఇది జనవరి ముద్ద, ఇది ఫిబ్రవరి ముద్ద అంటూ ఒక్కొక్కటే పెట్టింది. ముద్ద దిగాక, ఎంతమంది ఎక్కారన్న అంకె ఒక్కటే ఉంచుకుని పళ్ళెం తుడిచేసింది. ఫ్యాను కిక్కురుమనలేదు. డిసెంబరు ముద్ద కూడా దిగింది.

సాయంత్రం పాపారావు గారు పెన్ను మూత తీశారు.

"ఆగండి సార్. మే నుంచి రోజుకి నలభై మందికి తక్కువ లేరు. మీ కంప్యూటరు ఏప్రిల్ దగ్గరే విస్తట్లోంచి లేచిపోయింది."

"నాతో చెప్పలేదే?"

"చెప్పింది సార్. 'మిగతాది పట్టలేదు' అంటే మీరు ఓకే నొక్కేశారు."

ఆయన పెన్ను మూత పెట్టేశారు. "సరే, బస్సు ఉంటుంది. ఈ కీబోర్డుకి ఆవకాయేంటమ్మా?"

మర్నాడు హారన్ మోగింది. అచ్చమ్మ కుండతో బస్సెక్కింది. ఊరు తెల్లవారింది.

కాకి ముద్ద కాకికి, పిచ్చుక ముద్ద పిచ్చుకకి,
పెరుగు కుండ టౌనుకి, కథ బస్సెక్కి కంచికి,
నువ్వూ నేనూ నిద్దరకి.