పాత కారులో పిసరంత తోడు

అనగనగా, సూర్యుడికి ఇప్పటికంటే కోపం కాస్త ఎక్కువగా ఉన్న రోజుల్లో, సెగలమిట్ట అనే రాజ్యం ఉండేది. దాన్ని కోదండవర్మ ఏలేవాడు. మంచి రాజే, కానీ ఒట్టి కంగారు మనిషి. గాలికి తలుపు కొట్టుకున్నా "ఏమైంది, ఏమైంది?" అంటూ సింహాసనం దిగి వచ్చేవాడు.

ఆయనకు లేక లేక పుట్టిన కూతురు మందాకిని. ఆ పిల్లకు ఎండ పడదు. ఎండ తగిలితే చాలు, ఒళ్ళు కాలిపోయి కళ్ళు తేలేసేది. ఆ ఏడు రాజవైద్యుడు పాప నాడి చూసి తల పంకించాడు.

"ప్రభూ, రోహిణి కార్తె వస్తోంది. రోళ్ళు పగిలే ఎండలు. ఈలోగా పాపను చలికొండ కోటకు చేర్చండి. ఇక్కడే ఉంచితే నేను మాట ఇవ్వలేను."

చలికొండకు దారంతా చెట్టు లేని బీడు. పల్లకిలో తీసుకెళ్తే పాప సగం దారి కూడా తట్టుకోలేదు. రాజ్యం మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క కారు, అదీ తాతగారి నాటిది. ఇంజను గట్టిదే. ఏసీలో మాత్రం గ్యాసు చాలావరకు కారిపోయి, వేడి గాలి కొడుతోంది. పోనీ మళ్ళీ నింపుదామంటే, ఆ పాత రకం గ్యాసు, ఎండ విషం కిందికి రాకుండా అడ్డుకునే ఆకాశపు గొడుగుకు చిల్లు పెడుతోందని లోకమంతా దాని తయారీ మానేసింది.

మరి పాత బండిలో ఏ గ్యాసు పోయాలి? రాజు దండోరా వేయించాడు. ముగ్గురు వర్తకులు వచ్చారు.

మొదట పానకాలు వచ్చాడు. తుప్పు పట్టిన డబ్బా ఒకటి ముందు పెట్టాడు.

"ప్రభూ, ఇది అచ్చంగా తాతగారి నాటి గ్యాసే. పోయడమే తరువాయి. లోపమన్న మాటే లేదు!"

రాజు ముఖం వికసించింది. పక్కనే ఉన్న రాణి హేమాంబ మెల్లగా అడిగింది. "ఎవరూ తయారు చేయనిది నీకు ఎక్కడ దొరికింది నాయనా? డబ్బా పాతదే, మూత మీది లక్క మాత్రం ఇంకా తడిగా ఉందే?"

పానకాలు డబ్బా చంకన పెట్టుకుని వచ్చిన దారినే పోయాడు.

తరువాత బుచ్చన్న వచ్చాడు. "మహారాజా, నా గ్యాసు ముందు మంచు కూడా దిగదుడుపే. పూట తిరగకుండా పాప చలికి వణుకుతుంది. దీనికీ లోపం లేదు. కాకపోతే కారు దగ్గర ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదు, అంతే."

"అంతేనా!" అన్నాడు రాజు సంతోషంగా.

రాణి ఉలిక్కిపడింది. "ఇంజనులో ఉన్నది నిప్పు కాదా? పొయ్యిలో మండే గ్యాసును నా బిడ్డ ముందు గొట్టాల్లో నింపుతావా?" ఆ మాటకు సభంతా గుండెలు చేత పట్టుకుంది. బుచ్చన్న చెప్పులు చేత పట్టుకున్నాడు.

చివరికి గవరమ్మ వచ్చింది. వయసు మళ్ళిన వర్తకురాలు, నవ్వు తక్కువ మనిషి.

"ప్రభూ, నా దగ్గర ఉన్నది కొత్త రకం గ్యాసు. మంటకు అంటుకోదు. గొడుగుకు చిల్లు పెట్టదు. కానీ లోపాలున్నాయి, వినండి. మీ కారుకు ఇది పుట్టుకతో వచ్చింది కాదు. లోపలున్న పాత నూనెతో దీనికి పడదు. ఆ నూనె తీసేయాలి. రబ్బరు రింగులు మార్చాలి. చెమ్మ పీల్చే డబ్బా మార్చాలి. మిగిలిన పాత గ్యాసునంతా సిలిండర్లోకి లాగి, గొట్టాలు ఖాళీ చేయాలి. అప్పుడే కొత్తది పోయాలి. ఇంతా చేసినా చల్లదనం మునుపటికంటే ఒక పిసరు తక్కువే. అందుకని కిటికీలకు వట్టివేళ్ళ తెరలు కట్టండి."

"ఎంతసేపు పడుతుంది?"

"రేపు పొద్దుటికి."

"అంతసేపా!" రాజు చేతులు నలుపుకున్నాడు. అయినా రాణి తల ఊపింది. గవరమ్మ పనిలో దిగింది.

ఇక్కడ మీకు సెగలమిట్ట వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. పెరుగును చూసి నేర్చుకున్నారు కాబోలు, కొత్తది ఏది మొదలుపెట్టినా అందులో పాతది పిసరంత కలిపేవాళ్ళు. కొత్త ఆవకాయ జాడీలో పాత ఆవకాయ చెంచాడు. కొత్తింటి పునాదిలో పాతింటి ఇటుక ఒకటి. తోడు వేయని పని, తోడు వేయని పాలలాగే విరిగిపోతుందని వాళ్ళ భయం.

పాత నూనె, గ్యాసు బయటికి తీసి పెట్టి గవరమ్మ భోజనానికి వెళ్ళింది. రాజు కారు చుట్టూ తిరిగాడు. గొట్టాలన్నీ ఖాళీ చేస్తే అరిష్టం కాదూ? అసలే బిడ్డ ప్రాణం! ఆయన సారథిని పిలిచాడు.

"ఒరేయ్ కోటయ్యా, తీసిన పాత నూనెలో కొంచెం, పాత గ్యాసులో కొంచెం లోపలికి పంపు. తోడుగా ఉంటుంది. ఆవిడతో అనకు."

"చిత్తం ప్రభూ," అన్నాడు కోటయ్య. వాడూ ఆ ఊరివాడేగా!

తెల్లవారింది. గవరమ్మ కొత్త గ్యాసు పోసింది. పాపను ఒళ్ళో పెట్టుకుని రాణి వెనక కూర్చుంది. చల్లగాలి వీచింది. రాజు దేవుళ్ళందరికీ దండం పెట్టాడు.

కారు కోట దాటి ఊరి పొలిమేర చేరేసరికి ఏసీ మూలిగింది. కటకటమంది. ఆగిపోయింది. వేడిగాలి గుప్పున కొట్టింది. పాప పెదవులు ఎండిపోయాయి. "అమ్మా, దాహం," అని కళ్ళు మూసుకుంది. రాణి కొంగు తడిపి నుదుట వేసి, "వెనక్కి తిప్పు! వెనక్కి తిప్పు!" అని అరిచింది.

కోటలో రాజు నిప్పులు తొక్కిన కోతి అయ్యాడు. "మోసం! ఈ ముసలిదాన్ని చెరలో వేయండి!"

గవరమ్మ బెదరలేదు. "వేయండి ప్రభూ. కానీ ముందు ఒక్క మాట. నేను భోజనానికి వెళ్ళినప్పుడు ఈ కారును ఎవరు ముట్టుకున్నారు?"

కోటయ్య నేల చూపులు చూశాడు. రాజు గోడ చూశాడు. లోపల పాప మూలుగు వినబడింది. ఆ మూలుగు ముందు రాజుకు అబద్ధం నోట రాలేదు.

"నేనే. తోడు వేయించాను," అన్నాడు.

"పాలకు తోడు కావాలి ప్రభూ. దీనికి అదే విషం. పాతా కొత్తా కలిస్తే రెండూ చెడతాయి. ఇంకా నయం, యంత్రం పగలకముందే ఆగింది. మళ్ళీ మొదటినుంచి చేస్తాను. ఈసారి భోజనానికి వెళ్ళను."

ఆ పగలు ఎవరూ ముద్ద ముట్టలేదు. వైద్యుడు పాప అరికాళ్ళకు చల్లని గంధం రాస్తూనే ఉన్నాడు. రాజుకు పదిసార్లు నోటిదాకా వచ్చింది, "ఇంకా ఎంతసేపు?" అని. పదిసార్లూ మింగేశాడు. చేతులు ఊరుకోవని తెలిసి, వాటిని వెనక్కి కట్టుకుని కూర్చున్నాడు. గవరమ్మ గొట్టాలకు తగిలించిన కొలత ముల్లు చూసేది, ఆగేది, మళ్ళీ చూసేది.

మర్నాడు కారు బయలుదేరింది. ఈసారి రాజూ ఎక్కాడు. పొలిమేర వచ్చింది. పొలిమేర దాటింది. బీడులో ఎండ మండుతోంది. లోపల చల్లదనం గవరమ్మ చెప్పినంతే ఉంది, ఎక్కువా లేదు, తక్కువా లేదు. మిగిలిన కొరతను తడిసిన వట్టివేళ్ళు తీర్చాయి.

చలికొండ మొదటి మలుపులో పాప కళ్ళు తెరిచింది.

"నాన్నా, చలేస్తోంది. దుప్పటి కప్పవూ?"

కోదండవర్మ తన పట్టు ఉత్తరీయం తీసి బిడ్డకు కప్పాడు. ఆ తరువాత ఎవరున్నారని కూడా చూడకుండా భోరున ఏడ్చేశాడు.

గవరమ్మ ఆనాటి నుంచి ఆ రాజ్యంలో యంత్రాలన్నిటికీ పెద్ద అయింది. ఆచారం మాత్రం పెరుగు కుండకూ, ఆవకాయ జాడీకీ పరిమితమైంది.

కనుక పిల్లలూ, తన సరుకులోని లోపం తానే చెప్పేవారిని నమ్మండి. నమ్మి పని అప్పగించాక, అందులో మీ కంగారును కలపకండి.