నూకరాజు మూడు కేకలు

పిల్లలూ, ఈ కథలో ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెప్పేస్తానేమో. ఈమధ్య నాకు వరస నిలవడం లేదు. అందుకే ఉన్నంతవరకు రాసి పెడుతున్నాను.

అనగనగా కొండవాగు పక్కన ఒక అడవి. అక్కడ పక్షులు కొన్ని నేల మీదే గుడ్లు పెట్టేవి. ఆ గుడ్లకు నూకరాజు అనే తీతువు కాపలా. తీతువు అరిస్తే అపశకునం అంటారు మనుషులు. ఆ అడవిలో మాత్రం ఆ అరుపు వింటేనే తల్లులు నిశ్చింతగా కునుకు తీసేవి.

కాపలాకి ఒక నియమం ఉంది. ఎవరినైనా ఆపేముందు తన పేరు చెప్పి మూడుసార్లు కేక వెయ్యాలి. వెయ్యకుండా మీద పడితే కాపలావాడిదీ తప్పే.

ఒక మధ్యాహ్నం గంగులు అనే ముంగిస గుడ్ల కోసం వచ్చాడు. నూకరాజు అడ్డం నిలిచాడు. గంగులు అతని మెడ కొరికి చంపేశాడు. వాగు హోరులో ఎవరికీ ఏమీ వినబడలేదు.

"అతను కేక వెయ్యలేదు. దొంగలా మీద పడ్డాడు. భయపడి కరిచాను" అన్నాడు గంగులు, పట్టుబడ్డాక.

అడవికి పెద్ద, ఒక ముసలి అడవిదున్న. ఆయన గంగులుని రాతిగుహలో పెట్టించి, బండ అడ్డం వేయించాడు. "బుద్ధి మారితే ఏటా ఈ గుహ ముందే జరిగే తొలకరి సభలో విడుదల అడుక్కో" అన్నాడు.

నూకరాజు భార్య పైడమ్మ. ఆమె పిల్లల్ని తోటి పిల్లలు ఏడిపించేవి. "మీ నాన్న పేరు చెప్పడం మరిచిపోయాడటగా!"

"అమ్మా, నాన్న కేక వేశాడా?" అని అడిగేవి పిల్లలు.

"వేసే ఉంటాడు."

"నువ్వు విన్నావా?"

పైడమ్మ వాటిని రెక్కల కిందికి లాక్కునేది.

మొదటి తొలకరికి, గుహ కాసే ఎలుగుబంటి సభలో చెప్పాడు: "మంచివాడండీ. పెట్టింది తింటాడు, పల్లెత్తు మాట అనడు."

"గుహలో గుడ్లు లేవు కదా మామా!" అంది పైడమ్మ. దున్న బండ తీయించలేదు.

రెండో తొలకరికి ఆమెను చూసి గోరింక నవ్వింది. "తీతువమ్మ మళ్లీ వచ్చింది, ఇంక ఈ ఏడూ వాన పడ్డట్టే!"

దున్న కూడా విసుక్కున్నాడు. "ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ పట్టుదల?"

"మా ఆయన చోటు ఖాళీగా ఉన్నన్నాళ్లూ, పెద్దయ్యా."

ఆ ఏడూ బండ కదల్లేదు.

మూడో తొలకరికి పెద్ద వాన. "వెళ్లకు అమ్మా, రెక్క నొప్పి కదా" అన్నాయి పిల్లలు. "నేను వెళ్లకపోతే మీ నాన్న తరఫున ఎవరుంటారు?" అని తడుస్తూనే వెళ్లింది.

గంగులు ఈసారి బండ వెనక నుంచే వెక్కి వెక్కి ఏడ్చాడు. "పొరపాటైపోయింది పెద్దయ్యా! కళ్లు మూస్తే ఆ కేకలే. 'నేను నూకరాజుని, ఆగు! నేను నూకరాజుని, ఆగు!' మూడోసారి పాపం అతని గొంతు వణికింది. ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది."

సభ అంతా కరిగిపోయింది. గోరింక కూడా కళ్లు తుడుచుకుంది. దున్న బండ తీయమని ఎలుగుబంటికి సైగ చేయబోయాడు.

"మూడోసారి గొంతు వణికిందా?" అని మెల్లగా అడిగింది పైడమ్మ.

"అవునమ్మా, వణికింది."

"అయితే ఆయన కేక వేశాడన్నమాట."

గంగులు గుహ లోపలికి వెనక్కి తగ్గాడు.

"ప్రాణం తీసింది చాలక తప్పు కూడా ఆయన మీదే పెట్టావు. నా పిల్లలు ఇన్నాళ్లూ తల దించుకు తిరిగాయి. పెద్దయ్యా, వీడి ఏడుపు బయటికి రావడానికే. నిజం చెప్పాలని వీడికి ఒక్కనాడూ తోచలేదు."

దున్న తల వంచుకున్నాడు. "బండ కదపొద్దు. ఇంక విడుదల మాట ఎత్తొద్దు" అన్నాడు.

"గెలిచావు పైడమ్మా!" అంది గోరింక. ఆమె వినిపించుకోలేదు.

గూటి దగ్గర పిల్లలు ఎదురొచ్చాయి. "ఏమైందమ్మా?"

"మీ నాన్న కేక వేశాడు. మూడుసార్లూ వేశాడు."

"మూడోసారి కూడా గట్టిగా వేశాడా?"

"గట్టిగానే వేశాడు" అంది పైడమ్మ. తరవాత వాగు ఒడ్డుకు వెళ్లి, పిల్లలకు వినబడకుండా ఏడ్చింది.

నీతి: చంపినవాడి కన్నీళ్లు చూసి తలుపు తీసేముందు, చనిపోయినవాడి తరఫున వచ్చినవాళ్ల మాట వినాలి.

సుభద్రా, పిల్లలకు ఇచ్చేముందు పేర్లు ఒకసారి సరిచూడమ్మా. నూకరాజు అని ఉండాల్సిన చోట గంగులు అని రాశానేమోనని భయంగా ఉంది.