కణుజు దొర కొన్న గడ్డికోత బండి

తుమ్మలకోన అడవిలో కణుజులనే పెద్ద జింకలు, ఎలుగులు, కుందేళ్ళు, ముళ్ళపందులు ఉండేవి. అందరికీ పెద్దదిక్కుగా ఒక ముసలి ఏనుగమ్మ ఉండేది. అడవి అంచున కొన్ని మేకలు, ఒక నక్క ఉండేవి. అందరూ మంచివాళ్ళే అని చెప్పాలని నాకూ ఉంది పిల్లలూ. కానీ అబద్ధం చెప్పలేను. కథ వింటే ఎవరు ఎలాంటివాళ్ళో మీకే తెలుస్తుంది.

ఆ అడవిలో గడ్డి కోసే పని ఒక జట్టు చేసేది. జట్టుకు పెద్ద ఒక కణుజు. దాని కొమ్ములు బారెడు ఉండేవి. అందుకే అందరూ కొమ్ముల దొర అని పిలిచేవారు. కత్తుల పదును, పనిముట్ల బాగు చూసేది ముళ్ళపంది సూరమ్మ. ఆమె ముళ్ళకంటే ముందు మాట లేచేది. ఇక ఎండలో నిలబడి గడ్డి కోసేది మాత్రం ఎలుగు భల్లయ్య ఒక్కడే. ఏనుగుల మైదానం, జింకల ఆటస్థలం, కుందేళ్ళ వాలు, అన్నీ అతనే కొడవలితో కోసేవాడు. సాయంత్రానికి నడుము పట్టుకుని మూలిగేవాడు.

వాటిలో కుందేళ్ళ వాలు మామూలు చోటు కాదు. అది కొండ పక్కన ఏటవాలు నేల. వాలు అడుగున కుందేళ్ళ బొరియలు ఉన్నాయి. ఎండలు ముదిరేలోగా అక్కడి గడ్డిని పొట్టిగా కోసెయ్యాలి. లేకపోతే కొండ మీద పుట్టిన మంటను గాలి నేరుగా బొరియల మీదికి తోలుకొస్తుంది. కిందటి ఎండాకాలం భల్లయ్య నడుము నొప్పితో మంచం పట్టాడు. వాలు కోత సగంలోనే ఆగిపోయింది. మంట దిగింది. కుందేలు చంద్రి తన పిల్లలిద్దరిని పోగొట్టుకుంది.

అందుకని ఏనుగమ్మ జట్టును పిలిచింది.

"ఈసారి వాలు మొత్తం కోయాలి. ఆ తల్లి మళ్ళీ ఏడిస్తే నేను చూడలేను. అడవి అంతా కలిసి తేనె పోగుచేసి ఇస్తాం. మంచి బండి కొనుక్కోండి. వాలు కోయలేకపోతే మాత్రం ఈ పని మీకు ఉండదు" అంది.

బండ్లు అమ్మేది నక్క జంబయ్య. అతని దగ్గర డీజిల్‌తో నడిచే గడ్డికోత బండ్లు ఉండేవి. వాటికి స్టీరింగు ఉండదు. రెండు చేతులకు రెండు మీటలు ఉంటాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తోస్తే బండి నిలబడ్డచోటే బొంగరంలా తిరుగుతుంది. జీరో టర్న్ బండి అంటారు దాన్ని. చెట్ల మధ్య, రాళ్ళ చుట్టూ కోయడానికి భలే పనికొస్తుంది.

కొమ్ముల దొర బయలుదేరాడు. సూరమ్మ కూడా లేచింది.

"భల్లయ్యను కూడా పిలువు నాయనా. రోజంతా దానిమీద కూర్చోవలసింది అతనే కదా" అంది.

"వాడెందుకు అత్తా? నడిపేవాడికి నడపమంటే చాలు. కొనేవాణ్ణి నేను" అన్నాడు దొర.

చూశారా! నడుము ఒకడిది, నిర్ణయం ఇంకొకడిది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

నక్క వాళ్ళను చూడగానే పరుగెత్తుకొచ్చింది. దొర కొమ్ములను మెచ్చుకుంది. దొర నడకను మెచ్చుకుంది. ఆ తర్వాత అన్నిటికంటే పెద్ద బండిని బయటికి తీసింది. ఎర్రగా మెరిసిపోతోంది. దాని కింద బ్లేడ్లు తిరిగే భాగమే ఒక పెద్ద మంచమంత వెడల్పు ఉంది.

"ఇది మీలాంటి దొరలకే. ఒక్క చుట్టు తిరిగితే మైదానం సగం అయిపోతుంది" అంది నక్క.

దుకాణం ముందు చదునైన నేల ఉంది. నక్క బండెక్కి అక్కడ గడ్డి కోసి చూపించింది. ఎక్కడా ఆగలేదు, కుదుపు లేదు. దొర కళ్ళు చెదిరిపోయాయి.

సూరమ్మ మాత్రం నేలవైపు చూసింది. గడ్డి ముందే పొట్టిగా ఉంది. కొనలు కొరికినట్టు ఉన్నాయి. గడ్డి నిండా మేకపెంటికలు ఉన్నాయి.

"ఏమయ్యా జంబయ్యా! నిన్న మేకలు మేసిన నేల మీద ఇవాళ నీ బండి పనితనం చూపిస్తున్నావా?" అని అడిగింది.

"అబ్బే, అవి దారి తప్పి వచ్చుంటాయి అత్తా" అంది నక్క.

"అయితే బండిని మా వాలు మీదికి తీసుకురా. అక్కడి గడ్డి నా ఎత్తు ఉంది. మా భల్లయ్య కూర్చుని కోస్తాడు. ఎంత ఏటవాలు దాకా వెళ్ళొచ్చు? సీటు కుదుపు తట్టుకుంటుందా? ఇంజనును చల్లబరిచే రేడియేటరు జాలీకి గడ్డి పొట్టు అడ్డం పడితే తుడవడానికి చెయ్యి పడుతుందా? చెడిపోతే బాగుచేసేది ఎవరు?"

నక్క గొంతు సర్దుకుంది. "ఇలాంటి బండి చెడిపోవడమేంటి అత్తా?" అని నవ్వింది.

"చెడిపోని బండిని నేను ఇంతవరకు చూడలేదు. చెడిపోదని చెప్పేవాణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నాను" అంది సూరమ్మ.

దొరకు సిగ్గేసింది. నక్క చేసిన మోసానికి కాదు, సూరమ్మ అడిగినందుకు!

"పరువు తీయకు అత్తా. ఇంత గొప్ప బండి మన ముందు ఉంటే పొట్టు, జాలీ అంటావేమిటి?" అని అడవి ఇచ్చిన తేనె అంతా నక్క చేతిలో పెట్టాడు. పక్కనే ఒక చిన్న బండి ఉంది. అది నేలకు దగ్గరగా, బరువు తక్కువగా ఉంది. సీటు కింద స్ప్రింగులు ఉన్నాయి. దొర దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు.

అడవి అంతా ఎర్రబండి చూడ్డానికి వచ్చింది. ఏనుగుల మైదానంలో అది బాగానే కోసింది. చదునైన చోట దాని పని దానికి వచ్చు. ఉన్నమాట చెప్పాలి కదా! దొర ఛాతీ విరుచుకుని తిరిగాడు.

కానీ మధ్యాహ్నానికి బండి వెనకనుంచి ఆవిరి వచ్చింది. భల్లయ్య ఆపి చూశాడు. జాలీ నిండా గడ్డి పొట్టు పేరుకుంది. అది తుడవాలంటే సీటు మొత్తం విప్పాలి.

"దొరా, ఇంజను కాగిపోతోంది. కాసేపు ఆపి తుడుస్తాను. ఈ సీటుకు నా నడుము కూడా విరిగిపోతోంది" అన్నాడు భల్లయ్య.

"పని దొంగవి! కొడవలి తిప్పేటప్పుడు నడుమన్నావు. కూర్చోబెడితే కూడా నడుమేనా?" అని దొర కసిరాడు.

భల్లయ్య తల దించుకుని మళ్ళీ బండెక్కాడు.  సూరమ్మ మాత్రం ఊరుకోలేదు.

"అంత సుఖంగా ఉంటే ఒక్క పూట నువ్వు కూర్చో నాయనా" అంది.

మర్నాడు పొద్దున్నే బండిని కుందేళ్ళ వాలు పై అంచుకు తోలారు. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. భల్లయ్య వాలును చూశాడు, బండిని చూశాడు, మీటలు వదిలి కిందికి దిగాడు.

"నేను ఎక్కను దొరా. ఈ బరువుకు, ఈ తడికి చక్రాలు జారతాయి. జారితే ఈ బండిని ఎవరూ ఆపలేరు. కింద బొరియలున్నాయి" అన్నాడు.

"పిరికివాడా! పక్కకు జరుగు. నేనే చూపిస్తాను" అన్నాడు దొర.

బండి సీటు వెనక ఒక ఇనప కమ్మీ ఉంది. బండి బోల్తా పడితే నడిపేవాణ్ణి కాపాడేది అదే. దాన్ని నిలబెట్టి, బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. కానీ కమ్మీ నిలబెడితే దొర కొమ్ములకు తగులుతోంది. పైగా కొమ్ములు సరిగ్గా కనబడవు. చూడ్డానికి అడవి అంతా వచ్చిందాయె! దొర కమ్మీని వెనక్కి మడిచేశాడు. బెల్టు కూడా పెట్టుకోలేదు.

ఇంత తెలివితక్కువ పని ఎక్కడైనా ఉందా పిల్లలూ? ప్రాణం కాపాడే కమ్మీని కొమ్ములు కనబడటం కోసం మడిచేస్తారా?

సూరమ్మ ఇక మాటలు కట్టిపెట్టి కిందికి పరుగెత్తింది.

"చంద్రీ! పిల్లల్ని తీసుకుని బయటికి రా! ఇప్పుడే రా! తర్వాత తిట్టుకుందువుగాని, ముందు రా!" అని బొరియల దగ్గర కేకలు పెట్టింది. కుందేళ్ళు పిల్లల్ని నోట కరుచుకుని పక్క రాళ్ళ మీదికి ఎక్కాయి.

పైన బండి నాలుగు అడుగులు బాగానే వెళ్ళింది. దొర గర్వంగా తల ఎత్తాడు. మలుపు తిప్పుదామని ఒక మీట లాగాడు. బండి తిరగలేదు, జారింది. దొర రెండు మీటలూ లాగాడు. ఇంకా జారింది. ఒక పక్కకు ఒరిగి బోల్తా పడింది. దొర గాలిలోకి ఎగిరి తుమ్మచెట్టుకు కొట్టుకున్నాడు. ఒక కొమ్ము ఫెళ్ళున విరిగింది. బండి దొర్లుకుంటూ వెళ్ళి చంద్రి బొరియ మీద పడింది. బొరియ మొత్తం కూరుకుపోయింది.

 చంద్రి తన పిల్లల్ని లెక్కపెట్టుకుంది. అందరూ ఉన్నారు. అప్పుడు దొర దగ్గరికి నడిచి వెళ్ళింది. 

"కిందటేడు మంట నా పిల్లల్ని తీసుకుంది. మంటకు కళ్ళు లేవు, నేనేమీ అనలేకపోయాను. నీకు కళ్ళున్నాయి కదా దొరా! చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు కదా!" అంది.



ఏనుగమ్మ నక్కను పిలిపించింది. మేకలను కూడా పిలిపించింది.

"నక్క బావ మేతకు రమ్మన్నాడు. కడుపు నిండకముందే తరిమేశాడు. వేలెడు గడ్డి తన బండికి వదలాలట" అన్నాయి మేకలు అమాయకంగా.

నక్క తోక ముడిచింది. ఏనుగమ్మ కోపంగా తొండం ఎత్తింది.

"పడిపోయిన బండి నువ్వే తీసుకుపో. తేనె వెనక్కి ఇవ్వు. ఇకమీదట ఏ బండి అమ్మినా నా మైదానంలో, నిలువెత్తు గడ్డిలో, మిట్టమధ్యాహ్నం నువ్వే కూర్చుని కోసి చూపించాలి" అంది. నక్కకు ఆ రోజునుంచి నడుము నొప్పి అంటే ఏమిటో బాగా తెలిసింది.

తర్వాత ఏనుగమ్మ భల్లయ్య వైపు తిరిగింది. "బండి నువ్వే ఎంచుకో" అంది.

భల్లయ్య ఒక్కో బండిమీద ఒక్కో పూట కూర్చున్నాడు. పొడుగు గడ్డిలో కోశాడు. జాలీలు తీసి తుడిచి చూశాడు. చివరికి దొర కన్నెత్తి చూడని ఆ చిన్న డీజిల్ బండినే ఎంచుకున్నాడు. వాలు అంచుదాకా దాన్ని తోలి అక్కడ ఆపాడు.

"ఇక్కడిదాకానే పెద్దమ్మా. ఇంతకంటే ఏటవాలు మీదికి ఏ బండినీ తీసుకెళ్ళను" అన్నాడు.

"మరి ఆ వాలు?" అని అడిగింది ఏనుగమ్మ.

సూరమ్మ మేకలవైపు తిరిగింది. "నక్క దుకాణం ముందు అంత చక్కగా కోసిన పనివాళ్ళు ఇక్కడే ఉన్నారుగా! ఈసారి మిమ్మల్ని ఎవరూ తరమరు. కడుపు నిండా మేయండి" అంది.

మేకలు వాలెక్కాయి. చదును నేలంతా భల్లయ్య కోశాడు, ఏటవాలంతా మేకలు మేశాయి. ఎండాకాలంలో కొండ మీద మంట పుట్టింది. గాలి దాన్ని వాలు దాకా తోలుకొచ్చింది. అక్కడ కాలడానికి గడ్డి లేక అది ఆరిపోయింది. చంద్రి పిల్లలు కొత్త బొరియలో హాయిగా నిద్రపోయారు.

జట్టుకు ఇప్పుడు పెద్ద సూరమ్మ. కణుజు కొమ్ము మరుసటి ఏడాది మళ్ళీ మొలిచింది. దొర అనే పిలుపు మాత్రం మళ్ళీ రాలేదు. అతను రోజూ భల్లయ్య బండి జాలీలో పొట్టు తుడుస్తున్నాడు. బాగానే తుడుస్తున్నాడని భల్లయ్యే చెప్పాడు.

నీతి: పనిముట్టును దాని మెరుపు చూసి కొనకూడదు. పనిచేసే నేలను చూసి, పనిచేసేవాణ్ణి అడిగి కొనాలి.