అనుమానాల తుర్రి

అనగనగా ఒక ఊళ్ళో, పేరిందేవమ్మగారి వసారాలో, దూలం మీద ఒక పిచ్చుక గూడు ఉండేదే బుజ్జీ. అందులో తుర్రి అని ఒక పిల్ల పిచ్చుక. దానికి రెక్కలొచ్చాయి గానీ, వాటికన్నా ముందు అనుమానాలొచ్చాయి.

పిచ్చుకలు తింటాయని పేరిందేవమ్మగారు చూరుకి వరికంకుల కుచ్చు కట్టారు. తుర్రి దాన్ని ఓరగా చూసింది. "ఊరికే ఎవరు పెడతారు? ఇందులో ఏదో ఉంది" అనుకుంది.

ఆ తర్వాత ఆవిడ, పిచ్చుకపిల్ల ఎగిరే రోజులు కదా అని, ఎవరూ ఫ్యాను వెయ్యకుండా స్విచ్చి మీద గుడ్డ చుట్టారు. ఉక్క భరించలేక విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నారు. "చేతిలో అదేదో ఊపుతోంది, నన్ను కొట్టడానికే" అనుకుంది తుర్రి. చూశావా దాని బుద్ధి.

అప్పుడు వాళ్ళమ్మ పురుగును ముక్కున కరుచుకొచ్చింది. రోజూ నోట్లో పెట్టేది కాస్తా ఆ పూట గూటికి రాలేదు. దూలం చివర కూర్చుని రమ్మంది. తుర్రి కదల్లేదు. అమ్మ ఇంకాస్త దూరం వెళ్ళి బట్టల దండెం మీద కూర్చుంది. తుర్రి కదల్లేదు. ఆ తర్వాత అమ్మ ఏకంగా వరికంకుల కుచ్చు మీద వాలింది.

"అమ్మ కూడా వాళ్ళతో కలిసిపోయింది. నన్ను కింద పడెయ్యాలని చూస్తోంది" అని తుర్రికి ఏడుపొచ్చింది. ఆకలి కూడా వేస్తోందిలే, పాపం.

అప్పుడు పక్కింటి పిల్లి వడ్ల బస్తాలెక్కి దూలం మీదికి వచ్చింది.

"ఎగరకు అమ్మలూ, పడిపోతావు. అక్కడే ఉండు, నేనే వస్తాను" అంది తియ్యగా.

ఇన్నాళ్ళకి నా మనసెరిగినవాళ్ళు దొరికారని తుర్రి మురిసిపోయింది. పిల్లి ఒక్కో అడుగే వేస్తోంది. అప్పుడు పుట్టిందమ్మా తుర్రికి అసలైన అనుమానం. అమ్మేమో నోట్లో పురుగు పెట్టుకుని దూరం జరుగుతోంది. ఇదేమో ఉత్త నోటితో దగ్గరికొస్తోంది. ఎందుకబ్బా?

ఇంక ఆలోచిస్తూ కూర్చోలేదు, ఎగిరిపోయింది. టపటపా కొట్టుకుంటూ వెళ్ళి ఫ్యాను మీద పడింది. ఫ్యాను కదల్లేదు. మళ్ళీ ఎగిరి అమ్మ పక్కన కంకుల మీద వాలింది. అమ్మ పురుగు నోట్లో పెట్టింది. కింద పేరిందేవమ్మగారు విసనకర్ర పిల్లి మీదికి విసిరారు.

తుర్రికి అప్పుడు అన్నీ అర్థమయ్యాయి. సిగ్గేసి అమ్మ రెక్క కింద తల దాచుకుంది. ఆ తర్వాత ఒక వరిగింజ కూడా కొరికింది, అటూ ఇటూ చూసి మరీ.

తుర్రి మింటికి, పిల్లి పక్కింటికి,
కథ కంచికి, కునుకు నీ కంటికి.