గండి కుంచం

ఏ రాజ్యమో అడక్కండి, ఏ కాలమో అసలే అడక్కండి. మీ అవ్వకు అవ్వ పుట్టకముందు మాట. అప్పట్లో పన్నంటే వడ్లే. పంట నూర్చి కళ్లంలో రాశి పోస్తే, రాజుగారి భాగం కొలిచి బండ్లకెత్తేవాడు పెంటయ్య. ఓ కుంచం, ఓ గొంతు, ఓ కొడుకు. అంతే అతని ఆస్తి.

ఆ రాజ్యానికి పెద్ద యుద్ధమొచ్చింది. శత్రువుల దండును ముంచేయాలని కాలువ కట్టకు గండి కొట్టమన్నాడు రాజు. గెలిచాక వచ్చే మొదటి పన్నుతోనే గండి పూడుస్తానని మాటిచ్చాడు. ముప్పైమంది కుర్రాళ్లు పారలు పట్టుకుని వెళ్లారు. కట్ట తెగింది. నీళ్లు దండునూ మింగాయి, ఆ ముప్పైమందినీ మింగాయి. అందులో పెంటయ్య కొడుకు సింగడూ ఉన్నాడు.

రాజు గెలిచాడు. ఖజానా ఖాళీ అయిందని పన్ను రెండింతలు చేశాడు. వచ్చిన వడ్లన్నీ జయస్తంభం కట్టడానికే పోయాయి. గండి గండిలాగే ఉంది, కాలువలోకి నీళ్లు రాలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు రాజుల్లోనూ ఉంటారు మరి.

మొదటి ఏడు, మిట్టమధ్యాహ్నం. పెంటయ్య "లాభం" అంటూ మొదటి కుంచం ఎత్తాడు. కొలతలో ఒకటి అనరు కదా, లాభమనే అంటారు. వెనకనుంచి ఎవరో మెల్లగా అడిగారు.

"ఈ కుంచం ఎవరికి?"

తిరిగి చూస్తే ఎవరూ లేరు. నేలమీద తడి పాదాల గుర్తులున్నాయి. కాలువ ఎండిపోయిన ఊళ్లో తడి పాదాలు. పెంటయ్య విననట్టే "రెండు" అన్నాడు.

రెండో ఏడు పంట సగమైంది. "లాభం" అనగానే పది గొంతులు అడిగాయి, ఈ కుంచం ఎవరికని. తడి పాదాలు రాశి చుట్టూ తిరిగాయి. అయినా పెంటయ్య "రెండు" అన్నాడు. బతకాలి కదా.

మూడో ఏడు విత్తనాలకు సరిపడా వడ్లే పండాయి. అవీ బండెక్కితే ఊరు ఖాళీ చేసిపోవాల్సిందే. స్తంభానికి శిఖరం ఎత్తాలని రాజే స్వయంగా వచ్చి పీట వేసుక్కూర్చున్నాడు. పెంటయ్య "లాభం" అన్నాడు.

"నాయనా, ఈ కుంచం ఎవరికి?"

సింగడి గొంతు. ఈసారి కళ్లంలో అందరూ విన్నారు. రాజూ విన్నాడు. పెంటయ్యకు భయం పోయి ఏడుపొచ్చింది. రెండేళ్లుగా కన్నకొడుకు అడుగుతుంటే జవాబివ్వలేదే అని కుమిలిపోయాడు.

"గండికిరా బిడ్డా," అన్నాడు.

"నాకు," అన్నాడు రాజు. "కొలువు."

పెంటయ్య కుంచం కింద పెట్టేశాడు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? భటుడి కర్ర దెబ్బకు పెంటయ్య రాశిమీదే ఒరిగి ప్రాణం వదిలాడు.

భటుడు కుంచం అందుకున్నాడు. వడ్లు పోశాడు, నిండలేదు. మళ్లీ పోశాడు, నిండలేదు. సగం రాశి పోశాడు, అయినా నిండలేదు. కుంచం అడుగున నీళ్లు కదులుతున్న చప్పుడు వినిపించింది. తడి పాదాల గుర్తులు ఒక్కొక్కటే రాజు పీటదాకా వచ్చి ఆగాయి. అప్పుడు చచ్చిపడున్న పెంటయ్య గొంతు, పెదవి కదలకుండానే, అడిగింది.

"మారాజా, ఈ కుంచం ఎవరికి?"

"గండికి," అన్నాడు రాజు, వినపడీ వినపడనట్టు.

కుంచం నిండి పొర్లింది. పోసిన వడ్లన్నీ తిరిగి రాశిలో పడ్డాయి. స్తంభం రాళ్లు ఊడదీసి ఆ ఏడే గండి పూడ్చారు.

ఇప్పటికీ ఆ కాలువ కింది ఊళ్లలో కొలిచేవాడు "లాభం" అనగానే కళ్లంలో ఉన్నవాళ్లంతా "గండికి" అంటారు. ఆ కుంచం కట్ట మరమ్మతుకు పోతుంది. ఆ తర్వాతే "రెండు". మాటలు రాని పిల్లలకు కూడా ముందు ఆ మాటే నేర్పుతారు, ఆలస్యం చెయ్యొద్దని చెబుతారు. ఎవరూ అనకపోతే, పెంటయ్య అడుగుతాడు.